దారికి ఎదురెళ్లిన కొట్టు

ముందు చప్పుడు వచ్చేది. తెడ్డు ఇనప కుండ అంచుకు తగిలి టంగ్... టంగ్... సముద్రం పంపిన మంచు ఇంకా వీధిలోనే పడుకుని ఉంటే, దాన్ని తట్టి లేపుతున్నట్టు. తర్వాత తిట్లు. ఆ తర్వాతే ఆంటీ ఎకువా బెన్యివా కనబడేది, పులిసిన మొక్కజొన్న పిండి ఆవిరిలో సగం మేఘంలా.

కేప్ కోస్ట్ పట్నానికి పోయే దారిలో, మా కూడలి దగ్గర ఆమెది చెక్క కొట్టు. అరటాకుల్లో చుట్టిన కెంకే ముద్దలు, వేయించిన చేపలు, నూరిన మిరపకారం. నేను రోజూ అక్కడే తినేవాణ్ణి.

ఆ ఏడాది ప్రభుత్వానికి అభివృద్ధి పూనింది. రోడ్డు వెడల్పు చేస్తారట. అడ్డొచ్చే కొట్ల మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి, వాటివాళ్లకు కొత్త బజారులో సిమెంటు గది, గదికో కుళాయి ఇస్తారట. ఏళ్లకేళ్లు నెత్తిమీద నీళ్లు మోసిన ఎకువాకు ఆ రోజు నుంచి కలలో కూడా కుళాయే పారేది.

తెల్లారేసరికి వరసంతా గుర్తులు పడ్డాయి, ఆమె కొట్టుకు తప్ప.

పక్కన పెండలం ముక్కలు వేయించే అరబా ఊరుకుంటుందా?

"అయ్యో ఎకువా, ఇంత లావున్నావు, ప్రభుత్వం కంటికి ఆనలేదా?"

"నీ మూకుడు చూసుకోవే! కొట్టు పీకేస్తామంటే పెళ్లిపిలుపు వచ్చినట్టు మురిసిపోతున్నావు!"

ఆ సాయంత్రమే ఎకువా ఎర్రటి పామాయిలుతో తనే గుర్తు వేసుకుంది. మేకలు వచ్చి సగం నాకేశాయి. మిగతా సగాన్ని సర్వే అధికారి అంపా వేలితో తాకి, వాసన చూశాడు.

"ఆంటీ, ఇది మా రంగు కాదు. కూర వాసనొస్తోంది."

"మీ పనులన్నీ వాసనొస్తుంటే రంగొక్కటీ రాకూడదా, బాబూ?"

అతను నవ్వాపుకొని టేపు పరిచాడు. "మీ కొట్టు రెండు గజాలు వెనకుంది. రోడ్డు ఇక్కడిదాకా రాదు."

"అది రాకపోతే నేనే పోతాను."

మా దగ్గర కొట్లకు వేళ్లుండవు. ఆదివారం ప్రార్థన ముగిశాక, తెల్లచొక్కాల మగవాళ్లు దాన్ని భుజాల మీదికి ఎత్తి రోడ్డు వైపు జరిపారు. ఎండలో అదొక పడవలా ఊగింది. లోపలి నుంచి ఎకువా అరుస్తోంది: "మెల్లగారా! చేప ఒకవైపే వేగింది!"

మర్నాడు అంపా వచ్చి, కాసేపు ఆకాశంకేసి చూసి, నిజమైన రంగుతో గుర్తు వేశాడు. ఆ వారమంతా ఎకువా వంట మానేసి, మేకలు రాకుండా ఆ గుర్తుకు కాపలా కాసింది.

వానలు వెళ్లాక రోడ్డుకు కొత్త నక్షా వచ్చింది. మా వైపున ఒక పెద్దమనిషి బావమరిది పెట్రోలు బంకు ఉంది. దాన్ని చూడగానే రోడ్డు, మామగారు ఎదురైన కొత్త కోడలిలా, అవతలి పక్కకు ఒదిగిపోయింది. ఇక గదులన్నీ అటువైపు వాళ్లకేనని అంపా చెప్పి వెళ్లాడు. అరబా నూనెలోకే ఏడ్చింది, నూనె తిరిగి చిటపటలాడింది.

ఎకువా ఏడవలేదు. ఎదుటి గట్టున గడ్డి పెరిగిన ఖాళీ జాగాను, అచ్చం సముద్రాన్ని చూసినట్టు చూసింది. ఈల వేసింది. తెల్లచొక్కాలవాళ్లు వచ్చి మూడు మూలలా భుజాలు పెట్టారు. నేను రెండో ముద్ద ఆకు విప్పుతున్నాను.

"ఇంకా ఏం నములుతున్నావురా? మింగి, ఆ నాలుగో మూల పట్టుకో. వాళ్లు మళ్లీ మనసు మార్చుకునేలోగా దాటెయ్యాలి."