మిస్రి డబ్బా

మా ఆయన సిగరెట్ మానేసిన సంగతి జహీరాబాద్‌లో మా గల్లీ అంతటికీ చాటింది నేనే. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ కొలతలు తీసుకుంటూనే చెప్పాను. ఇరవై ఏళ్లు చేసిన యుద్ధం మరి, గెలిచాక చెప్పుకోవద్దా?

ఆయన ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడు. ఆటో నిండేదాకా అడ్డా మీద నిలబడాలి. నిలబడితే సిగరెట్ వెలిగించాలి. ఇంటికొస్తే చొక్కా అంతా కంపు, పైగా దగ్గు. ఆ దగ్గు వింటే నాకు మిషను మీద కాలు ఆడేది కాదు. ఊపిరితిత్తులు చెడిపోయి మా మేనమామ పడిన అవస్థ నేను కళ్లారా చూశాను. అందుకే పెట్టెలు చింపాను, అగ్గిపెట్టెలు నీళ్లలో ముంచాను, అన్నం పెట్టనని బెదిరించాను.

నిరుడు ఎండాకాలంలో ఒకరోజు ఆయనే అన్నాడు.

"ఇడిసిపెట్టిన తియ్యి. ఇగ నా పానం తినకు."

నేనంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. సాయంత్రం ఆటో ఇంటి ముందు ఆగగానే ఎదురుపోయి చొక్కా, వేళ్లు, నోరు అన్నీ వాసన చూసేదాన్ని.

"పోలీసు కుక్క లెక్క ఏందే గిది? పక్కింటోళ్లు సూస్తున్నరు."

"సూడనీ. నాకేం షరమ్?"

నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. పొగ వాసన లేదు. దగ్గు కూడా తగ్గింది. ఝరాసంగం గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నా పుట్టిల్లు బీదర్ వైపు. అక్కడ మా అమ్మ, చిన్నమ్మలు అందరూ పొద్దున లేవగానే పళ్లకు మిస్రి రుద్దుకునేవాళ్లు. పొగాకును పాత పెనం మీద నల్లగా మాడ్చి దంచితే వచ్చే పొడి అది. పెళ్లి కాకముందే నాకూ అలవాటైంది. పెళ్లయ్యాక పొగాకు అంగడి నుంచి మా ఆయనే తెచ్చేవాడు. నేను పెరట్లో ముక్కుకు కొంగు కట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే తుమ్ముకుంటూ మాడ్చేదాన్ని. పొద్దున రుద్దుకుంటే గాని కడుపు కదలదు. మధ్యాహ్నం చిటికెడు కింది పెదవి వెనక పెట్టుకుంటే గాని కుట్టుపని సాగదు. అయినా ఎవరైనా అడిగితే నాకు ఏ అలవాటూ లేదనే చెప్పేదాన్ని. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. నా లెక్కలో అది పళ్లపొడి. పొగే రానిది పొగాకు ఎట్లా అవుతుంది? అంత తెలివి నాది.

వానలు మొదలయ్యాక ఆయన కంచం పక్కకు జరపడం మొదలుపెట్టాడు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ జొన్నరొట్టె తినే మనిషి, నోరు మండుతోందని పెరుగన్నం అడిగాడు. రెండు వారాలు చూసి, ఒక పొద్దున పట్టుకుని కూర్చోబెట్టి ఫోను లైటు వేశాను. కింది పెదవి లోపల, ఎడమ పక్కన తెల్లటి మచ్చ. బట్టలుతికినప్పుడు నీళ్లకు నానిన వేలి చర్మంలా ముడతలు పడి ఉంది. ఇంకా ముందే సిగరెట్ మాన్పించలేకపోయానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

టౌనులో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిన్న వయసు ఆడపిల్ల. లోపల చూసి సూటిగా అడిగింది.

"అంకుల్, ఏం నములుతరు? గుట్కానా, తంబాకా?"

"ఏం లేదు మేడం."

నేను ఊరుకుంటానా? "సిగరెట్ సుత ఇడిసిపెట్టిండు మేడం. నేను రోజు వాసన జూస్త."

ఆ పిల్ల నవ్వలేదు. "సిగరెట్‌ది గిట్ల ఉండదు ఆంటీ. గీ ఒక్క తాన్నే రోజు ఏదో పెడుతున్నరు."

మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పెడుతున్నది ఏదైనా సరే ఆపేసి, పది రోజుల తర్వాత రమ్మంది.

తిరిగి వస్తుంటే ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన ముందుకు చూస్తూనే అన్నాడు.

"నీ డబ్బలకెళ్లి తీస్కున్న."

"ఏ డబ్బ?"

"మిస్రి డబ్బ. సిగరెట్ యాదికొచ్చినప్పుడల్ల జరంత పెదిమె ఎన్క పెట్టుకున్న. పొగ లేదు, ఆటోల కూసున్నోళ్లు లొల్లి జెయ్యరు. నువ్వు ఇరవై ఏండ్ల సంది పెట్టుకుంటున్నవ్, నీకేం గాలే గద. నిన్ను జూసే ధైర్నం జేసిన."

నెలకొకసారి మాడ్చేదాన్ని పదిహేను రోజులకే మాడ్చవలసి వస్తుంటే, ఈ మధ్య నేనే ఎక్కువ వాడుతున్నాననుకున్నాను. అన్ని సాయంత్రాలు ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి కూడా కనుక్కోలేదు. ఎట్లా కనుక్కుంటాను? అది నా నోటి వాసనే.

ఆ పది రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. డాక్టరు చెప్పిందని ఆయన మిస్రి ఆపేశాడు. ఆపిన రెండో రోజు నుంచే ఆయన చెయ్యి మాటిమాటికీ చొక్కా జేబు మీదికి పోయేది. ఒకప్పుడు సిగరెట్ పెట్టె ఉండే జేబు అది. ఇప్పుడది ఖాళీ. నేను ఆటోలో ఉన్నప్పుడు పాన్ డబ్బా ముందు కాస్త నిదానించినా ఆయన చేతినే చూసేదాన్ని. ఒకటి ఆపితే ఇంకొకటి మొదలుపెడతాడేమో, నేనేం చెయ్యాలి, ఎన్నని దాచాలి? డబ్బా పారేశానని ఆయనకు చెప్పాను. పారేయలేదు. స్నానాల గదిలో పైన దాచుకుని, గడియ వేసుకుని రుద్దుకున్నాను. మునుపు ఆయన గోడ పక్కకు పోయి సిగరెట్ తాగి వచ్చేవాడు, అచ్చం అట్లాగే. ఆ గదిలో అద్దం ఉంది. పెదవి లాగి చూసుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

పదకొండో రోజు పోయాం. డాక్టరమ్మ కాగితం చదివింది.

"ఇప్పటికైతే క్యాన్సర్ లేదు అంకుల్. గని మళ్ల పెడితే నేనేం చెప్పలేను. సిగరెట్ సుత వద్దు. మూడు నెలలకోసారి వచ్చి సూపించుకోవాలె."

నేను తలుపు పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఆయన కుర్చీ దిగాడు. దిగి, "ఈమెది గూడ జర సూడుండ్రి మేడం" అన్నాడు.

"నాకేం గాలే" అన్నాను.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. డాక్టరు ముందే వంగి నా నోరు వాసన చూశాడు. నేను ఆయనకు చేసిన పనే.

"పొద్దుగాల గూడ పెట్టుకున్నవ్ గద."

నాకు తల కొట్టేసినట్టయింది. పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. లైటు మొహం మీద పడింది. నోరు తెరవమంటే సగమే తెరిచాను. డాక్టరమ్మ నేను ఎన్నేళ్ల నుంచి రుద్దుతున్నానో, రోజుకెన్ని సార్లో అడుగుతూ నా కింది పెదవి లాగి లైటు దగ్గరికి జరిపింది. అడుగుతున్నది అడుగుతున్నట్టే ఆగిపోయింది. ఆయన కూడా వంగి చూశాడు. ఆయన చెయ్యి ఖాళీ జేబు మీదికి పోవడం నాకు ఆ కుర్చీలోంచి కనిపించింది.