నీళ్లతొట్టిలో పెప్టైడు

కడప జిల్లాలో బాంబుల నడుమ పెప్టైడు మోసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఎలక్షన్ల పొద్దు, రోడ్డుకు ఆ పక్కొక పార్టీ, ఈ పక్కొక పార్టీ నిలబడి ఉంటే, ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకొని ప్రొద్దుటూరు నుంచి పులివెందుల చేర్చినా.

అప్పుడు నేను ప్రొద్దుటూరు కాలేజీలో ల్యాబు అటెండరును. వానల్లేనప్పుడు వేరుశనగ ఆకును కాపాడే ఒక ఎంజైము మీద మా మేడం పరిశోధన చేస్తాండె. యాంటీబాడీ అనే మందు ఆ ఎంజైమును పట్టుకుంటే ఫిల్ము మీద నల్లగీత పడుతుంది. పట్టుకున్నది దాన్నేనా, ఇంకోదాన్నా? అది తేల్చేదే బ్లాకింగ్ పెప్టైడు. ఎంజైములోని చిన్న ముక్కకు నకలుగా తయారుచేసిన పొడి. ముందే దాన్ని యాంటీబాడీకి తినిపిస్తే, నోట్లో ముద్ద ఉన్నోడు ఇంకో విస్తరి ముట్టనట్టు, అది ఎంజైమును ముట్టదు. గీత మాయమైతే మేడం చెప్పింది నిజం.

ఆ పొడి సీసా కాలేజీకొచ్చే పొద్దుకు మేడం పులివెందుల ల్యాబులో ఉంది. ఆ గీతను ఫిల్ము తీసే యంత్రం ఆమెకు దొరికింది ఆ ఒక్క దినమే. మరుసటి దినం ఆ భవనాన్ని ఓట్ల పెట్టెలకు ఇస్తారు. థీసిస్ గడువేమో నెలాఖరు.

"పొద్దున పదిగంటల లోపల తెచ్చియ్యన్నా," అని ఫోను చేసింది.

తిన్నగా పోయే దోవలో గొడవలని బస్సును జమ్మలమడుగు మీద తిప్పిరి. లోపల ఊపిరాడని జనం. పక్కనున్నాయన మోచేత్తో పొడిచినాడు.

"ఏంది మామా డబ్బాలో? కింద పెట్టరాదా?"

"ముట్టుకోవద్దప్పా. కదిల్తే నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

అంతే, సీటంతా నాదే. కాళ్లు చాపుకున్నా. ఇప్పుడు ఒప్పుకుంటాండా, ఆ దోవలో నేను చూసిన పార్టీలోళ్లు నలుగురే. సోడాలు తాగుతాండిరి. బాంబు అన్న భయం బస్సులోకి తెచ్చింది నేనే.

జమ్మలమడుగులో కండక్టరు పోలీసులను పిలిచినాడు. నాటుబాంబును నానేస్తే పేలదని మా సీమలో అందరికీ తెలుసు. వాళ్లు డబ్బాను తీసుకపోయి హోటలు నీళ్లతొట్టిలో ముంచబోతే, థర్మాకోలు కదా, మునగలేదు.

"బాంబు తేల్తాదా సార్?" అని కానిస్టేబులు.

"రాయి పెట్టి ముంచు!" అని ఎస్సై.

తీసి, విప్పి, సీసా చూసి, నా ఇంటి పేరు మొదలుకొని నా పార్టీ ఏదో దాకా అడిగి, మేడంకు ఫోనులో నా సంగతంతా చెప్పి వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. మేడం చేతికి సీసా ఇచ్చేసరికి ల్యాబుకు తాళాలేస్తాండారు. ఆమె తాళం వైపు చూసింది.

ఆ పొడితోనే తర్వాత గీత మాయమైంది, ఆమెకు డాక్టరేటొచ్చింది. నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకొని, "ప్రాణానికి తెగించి ఆ పెప్టైడును కాపాడకపోతే మేడం ఈ పొద్దు డాక్టరేనా?" అన్నా. చప్పట్లు పడినాయి.

మేడం ముందు వరసలో కూర్చునే చెప్పింది:

"మూత గట్టిగుంటే ఆ పొడి రెండు దినాలు ఐసు లేకున్నా చెడదన్నా. నువ్వు కాపాడిందేమీ లేదు. కాళ్లు చాపుకునేదానికి బాంబని చెప్పినావు, గడువు దాటి నాకు ఒక సంవత్సరం పోయింది."