అన్నయ్య పంపిన వీడియో

రిటైరైనా వీధిలో అందరికీ ఆయన కండక్టరే. పొద్దున్నే ఫోన్‌లో వచ్చినవన్నీ వచ్చినట్టే చెల్లెలికీ పాత డ్యూటీ స్నేహితులకూ పంపేస్తాడు. చూసి పంపడు. బస్సులో ఉన్నన్నాళ్లూ ఎదురొచ్చే ప్రతి డ్రైవరుకూ చెయ్యి ఊపేవాడు కదా, ఇదీ అంతే. బాగున్నావా, నేనూ ఉన్నాను అని.

ఆ ఉదయం ఊరికే చూసిపోదామని చెల్లెలింటికి వెళ్లాడు. ఆవిడ తలుపు తీసి, గోడ పట్టుకుని నిలబడింది.

"ఏంటే, అలా వాడిపోయావు?"

"కాస్త నీరసం అన్నయ్యా. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరట్లేదు."

బల్ల మీద షుగరు మాత్రల అట్ట చింపకుండా అలాగే ఉంది.

"ఇవి వేసుకోవట్లేదా?"

"నువ్వేగా మానెయ్యమన్నావు!"

"నేనా? ఎప్పుడన్నానే?"

ఆవిడ ఫోన్ తెచ్చి చూపించింది. తెల్లకోటు వేసుకున్న మనిషెవరో, ఫలానా ఆకురసం తాగితే ఇక మాత్రలతో పనే లేదని ఢంకా బజాయిస్తున్నాడు. పైన 'అన్నయ్య' అని ఉంది.

"ఇది నేను చూడనే లేదే!"

"చూడకుండా పంపావా? ఆ కోటాయన ఎవరో నాకేం తెలుసు? చేదు విషంలా ఉంది ఆ రసం. నీ మొహం చూసి మింగాను."

ఈ వయసువాళ్లు ఏది పడితే అది నమ్మేస్తారని మనం తేలిగ్గా అనేస్తాం. ఈవిడ నమ్మింది అన్నను. అబద్ధాలమ్ముకునే ఆ కోటువాడికి ఇంట్లో అడుగుపెట్టాలంటే ఒక అన్న కావాలి. వాడికి ఆ అన్న ఊరికే దొరికాడు.

ఆస్పత్రికి వెళ్లే ఆటోలో ఆవిడ ఆయన భుజం మీద తల వాల్చింది.

"ఇక నీకేమీ పంపనులే."

"అమ్మో, పంపకపోతే నువ్వు లేచావో లేదో నాకెలా తెలిసేది?"

"ఫోన్ చేస్తానే. మాట్లాడుకుందాం."

డాక్టరమ్మ ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టి, రక్తపరీక్ష చేయించి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టమంది. బయట బెంచీ మీద కూర్చున్నాక ఆయన ఫోన్ బయటికి తీశాడు. అదే వీడియో ఇంకెంతమందికి పంపాడో! వెంటనే తనతో డ్యూటీ చేసిన పాత డ్రైవరుకు ఫోన్ చేశాడు.

"నువ్వు పంపేవి ఎవడు చూస్తాడ్రా బాబూ!"

తిట్టు ఇంత చల్లగా ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసింది. తర్వాత బస్సు డిపోలో పనిచేసిన మెకానిక్‌కు చేస్తే అతని భార్య ఎత్తింది.

"ఆకురసం తాగి పడుకున్నారన్నయ్యా. మాత్రలా? మానేశారుగా."

చెల్లెలు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లేపమ్మా. నేను తప్పుడు వీడియో పంపానని... వద్దు, ఫోన్ వాడికే ఇవ్వు. నేనే చెబుతాను."