ఈరప్ప విమానానికి గంధం

సిరుగుప్ప కాలువ కింద తన వంతు మడి అమ్మి విమానంలో వాటా కొంటానన్నాడు మా తమ్ముడు నారాయణ. ముందు ఎక్కి చూద్దామని నేనే పట్టుబట్టాను. ఇనుప గనుల డబ్బు పొంగుతున్న రోజులవి. ఒకప్పుడు ట్రాక్టర్లు అమ్మిన ఈరప్ప అనే వ్యాపారి పాత చిన్న విమానాలు తెప్పించి, నలుగురికి కలిపి ఒకటి అమ్ముతున్నాడు. ఆ పిచ్చి గని యజమానుల నుంచి లారీల వాళ్లకు, అక్కడి నుంచి మావాడికి పాకింది.

పొద్దున్నే బస్సెక్కి, బళ్లారిలో ఉగ్గాని, బజ్జీ తిని, సండూరు మీదుగా చోరనూరు బస్సు పట్టుకున్నాం. వెళ్లేవాళ్లు కిటికీ అద్దం మూసుకోండి. మూసినా ఎర్రదుమ్ము పళ్ల మధ్య కరకరలాడుతుంది. చెట్లు, ఎద్దులు, మనుషులు అంతా ఒకే రంగు. పట్టపగలే లారీలు లైట్లు వేసుకుని ఎదురొస్తున్నాయి.

"యాడికప్పా?" అంది పక్క సీటు ముసలమ్మ.

"విమానం ఎక్కను."

"ఈడ పక్షులే ఎగరడం మానుకున్యాయి. మీరు ఎగరతారా?" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

ఊరి బయట జొన్నచేను చదును చేసి విమానాల దారి వేశారు. ఈరప్ప పంచెకట్టుతో ఎదురొచ్చాడు. ఎంత మర్యాద మనిషో!

"రాండప్పా, కొత్త బండికి చేసినట్టే పూజ. కొనేవాళ్లే గంధం పెట్టల్ల."

నారాయణ ఏ మూలా వదల్లేదు. రెక్క కింద పొడుచుకొచ్చిన సన్న గొట్టం మూతి నిండా భక్తిగా గంధం మెత్తాడు. కొబ్బరికాయ కొట్టాక మేమిద్దరం ఎక్కాం.

"మీరు రారా?" అన్నాను.

"నేనెప్పుడూ ఎక్కలేదప్పా" అన్నాడు ఈరప్ప, అదే నవ్వుతో.

లేచిన కాసేపటికే నేల మాయమైంది. పైనా కిందా ఎరుపే. ఇంజను మోగుతూనే ఉంది కానీ, వేగం చూపే ముల్లు మెల్లగా జారి సున్నా దగ్గర నిలబడిపోయింది.

"ఆగిపోయినామా అన్నా?" నారాయణ నా భుజం పట్టుకున్నాడు.

"సుమ్నిరి సార్!" ఊరుకోండని పైలట్ కన్నడంలో కసిరాడు. అతని మెడ మీద చెమట.

చావు భయం సరే. అసలు కదులుతున్నామో లేదో తెలియకపోవడం అంతకంటే ఘోరం. దుమ్ము ఒకచోట విడితే కిందికి చూశాను. కొండ ఉండాల్సిన చోట గుంత ఉంది, అడుగు కనబడలేదు.

ఎలాగో దించాడు. దిగీదిగగానే పైలట్ పుల్లతో గొట్టంలోంచి గంధం పెళ్లగించాడు. "ఇందులోకి గాలి పోతేనే వేగం తెలిసేది. ప్రతి పూజకూ మొత్తుకుంటాను."

"దేవుని పేరున పెట్టిందప్పా, వద్దంటే కొంటారా?" అంటూ ఈరప్ప గంధం గిన్నె తీసుకుని, గుమ్మడికాయతో కాచుకున్న మరో కుటుంబం వైపు నడిచాడు.

తిరుగు బస్సులో నాకు ప్రాణం లేచొచ్చింది. "గండం గడిచింది. మడి ఉండనీ నారాయణా" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. "ఎక్కకముందే మడి కాగితాల మీద సంతకం పెట్టేసినా అన్నా. నువ్వు రెక్కలు చూస్తాంటివి."

సిరుగుప్ప దగ్గరపడేసరికి కిటికీ అద్దం తీశాను. చల్లటి గాలి, రెండు పక్కలా పచ్చటి వరి. మన మడి వచ్చిందిరా అని చెయ్యి చూపించబోయి, ఆపుకున్నాను.