కాంతమ్మ ఐదో పన్ను

బాపట్లకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరి బడిలో నూటపదిమంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది కాంతమ్మ. ఆ పని ఆమెకు ఊరికే రాలేదు. బడిలో వంట మొదలైన కొత్తలో, మాలపల్లె మనిషి వండితే మా పిల్లలు తినరని పై వీధి పెద్దమనుషులు ముగ్గురు వచ్చి హెడ్మాస్టరు ముందు కూర్చున్నారు. వాళ్ల పిల్లలు నెలరోజులు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. కాంతమ్మ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. పులుపు సమంగా వేసి, ఇంగువ పోపు పెట్టి, పప్పుచారు కాచింది. రెండో నెలలో ఆ క్యారేజీలు తెరవకుండానే ఇంటికి పోసాగాయి. మూడో నెల నుంచి అసలు రాలేదు.

అలా నిలబెట్టుకున్న పని, మూడేళ్ల తర్వాత, 2006 వానాకాలంలో ఒక దగ్గు వల్ల చేజారేట్టు వచ్చింది.

మొదట అది పొగ వల్ల వచ్చిన దగ్గే అనుకుంది. రెండు వారాలు దాటేసరికి జ్వరం తోడైంది. కళ్లె నీచువాసన వేసేది. ఊపిరి తీస్తే కుడి రొమ్ములో పిల్లికూతలు వినిపించేవి. ఊళ్లో ఆరెంపీ డాక్టరు నాలుగు సూదులు పొడిచాడు, రెండు రకాల టానిక్కులు ఇచ్చాడు. తగ్గలేదు. చివరికి, నలుగురూ కూర్చున్న వరండాలోనే, గొంతు తగ్గించకుండా, ఇది క్షయలా ఉందమ్మా అనేశాడు. పొద్దుగూకేలోగా ఊరంతా తెలిసిపోయింది.

హెడ్మాస్టరు పున్నారావు చెడ్డవాడు కాదు, భయస్థుడు. మర్నాడు వంటపాక బయటే ఆమెను ఆపాడు.

"అమ్మా కాంతమ్మా, నన్ను తప్పుగా అనుకోమాకు. ఊళ్లోవాళ్లు ఊరుకోవట్లా. జబ్బేం లేదని డాక్టరు దగ్గర కాయితం తెచ్చుకో. అందాకా వంటకు రామాకు. నీ చోటు పదిహేను రోజులు ఆపగలను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

దగ్గుతున్న మనిషిని వంటకు దూరంగా ఉండమనడం తప్పు కాదు. కాంతమ్మ కూడా కాదనలేదు. అయితే ఇంకా ఏ పరీక్షా జరగకముందే, ఆమె స్థానంలో ఎవరిని పెట్టాలో పై వీధిలో ఒక పేరు తయారుగా ఉండటం ఆమెకు మింగుడుపడలేదు. వాళ్లకు దగ్గుతో పని లేదని, మూడేళ్లనాటి మాటకు ఇప్పుడు దారి దొరికిందని ఆమెకు తెలుసు.

బాపట్ల సర్కారు ఆసుపత్రిలో మూడుసార్లు కళ్లె పరీక్ష చేశారు. మూడుసార్లూ క్రిములేమీ కనపడలేదన్నారు. ఆమె గుండె కుదుటపడింది గాని దగ్గు మాత్రం కుదుటపడలేదు. బయట ఎక్స్‌రే తీయించుకుంది. కుడివైపు అడుగున తెల్లటి మచ్చ ఉందన్నారు. ఆ ఫిలిము చూసి ఆరెంపీ డాక్టరు, కళ్లెలో దొరక్కపోయినా అదే అయి ఉంటుంది, ఆరు నెలల మందులు మొదలుపెట్టేయి అన్నాడు. మందులకు కాంతమ్మ భయపడలేదు. ఆరు నెలలు వంటపాకలోకి అడుగు పెట్టకపోతే ఇక జన్మలో పెట్టనివ్వరు, అదీ ఆమె భయం.

ఆమె భర్త లూకా పొన్నూరు రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. తెనాలిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకామె ఉందని, మనిషి చెప్పేది ఓపిగ్గా వింటుందని మిల్లులో తోటివాళ్లు చెప్పారు. గడువులో తొమ్మిదో రోజున ఇద్దరూ బాపట్లలో రైలెక్కి తెనాలి చేరారు.

డాక్టరు వైదేహి రొమ్ముకు గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎడమవైపు గాలి బాగానే ఆడుతోంది. కుడివైపు అడుగున ఒకేచోట ఈల వేసినట్టుంది. ఆ తర్వాత, అంతవరకు కాంతమ్మను ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. ఈ దగ్గు ఏ రోజున మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది?

కాంతమ్మ వెనక్కి లెక్కపెట్టుకుంది. నెల కిందట రేపల్లెలో అక్క సామ్రాజ్యం ఇంటికి వెళ్లింది. సామ్రాజ్యానికి అక్కడ ఇడ్లీ బండి ఉంది. ఎవరో క్లబ్బువాళ్లు ఉచితంగా పళ్లు పీకే శిబిరం పెట్టారని, పుచ్చిపోయిన దవడ పళ్లు పీకించుకుందువు రమ్మని ఆమే చెల్లెల్ని తీసుకెళ్లింది. హాలు నిండా బడి బెంచీలు వేసి, జనాన్ని వరసగా వెల్లకిలా పడుకోబెట్టారు. డెబ్బైమంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోటోలకని పెద్దమనిషి ఎవరో వస్తున్నాడని కుర్ర డాక్టర్లు చకచకా లాగుతున్నారు. మత్తు సూదికి గొంతు దాకా మొద్దుబారి ఉన్నప్పుడు కాంతమ్మకు పొలమారింది. కళ్లు తేలేసేదాకా దగ్గింది. రక్తం గొంతులోకి దిగిందంతే అని ఒకతను వీపు నిమిరి మంచినీళ్లిచ్చాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టుకుని చూసింది. తెల్లటి మచ్చ నడుమ ఇంకా తెల్లగా, చిక్కుడు గింజంత ఏదో ఉంది. పన్ను ముక్కైనా కావచ్చు, ఎప్పటిదో మానిన క్షయ మచ్చైనా కావచ్చు. ఈ ఫిలిములో తేల్చలేనంది.

"ఎన్ని పీకారు?"

"ఐదండి. చీటీ మీద కూడా రాశారు."

"ఐదూ బయటికొచ్చాయా?"

"ఎందుకు రాలేదండి? మా అక్క దగ్గర భద్రంగా ఉన్నాయి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి లూకా వైపు చూసింది. లూకా సిగ్గుపడుతూ సంగతి చెప్పాడు. కాంతమ్మ పుట్టింట్లో అదొక పట్టింపు. కడబూర మోగి చచ్చినవాళ్లు లేచే రోజున ఒళ్లంతా కొరత లేకుండా ఉండాలని వాళ్ల నాయనమ్మ చెప్పేది. ఊడిన పన్నల్లా డబ్బాలో దాచిపెట్టుకుంది. చనిపోయినప్పుడు ఆ డబ్బాను శవపెట్టెలో ఆమె తల దగ్గర పెట్టారు. ఫాదరుగారు అవసరం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ ఇంటి ఆడవాళ్లు మానలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ డబ్బా తెప్పించండి అంది. ఐదు పళ్లూ ఉంటే మచ్చ సంగతి వేరే చూడాలి. ఒకటి తగ్గితే మాత్రం అది ఊపిరితిత్తిలోకి జారిందన్నమాట, మీ క్షయ కథ అక్కడితో ముగిసినట్టే.

లూకా టెలిఫోను బూతు నుంచి రేపల్లెలో సామ్రాజ్యం పక్కింటివాళ్లకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రైలుకు ఆమె దిగింది. రైల్లో పక్కవాళ్లతో పెళ్లి సంబంధాలు కుదిర్చేంత మాటకారి ఆమె. ఆ రోజు మాత్రం డబ్బా బల్ల మీద పెట్టి, గోడ వారగా నిలబడింది.

డాక్టరమ్మ తెల్ల కాగితం మీద పళ్లు ఒంపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కాంతమ్మ ముఖం పాలిపోయింది. అయిపోయింది, ఇక ఆరు నెలలూ, వంటా, అన్నీ అయిపోయాయి అనుకుంది.

కాని డాక్టరమ్మ ఒక పన్నును వేలితో పక్కకు జరిపింది. మిగతా నాలుగూ చిన్నవి, పుచ్చిపోయి పసుపు పారినవి. ఇది దిట్టంగా, కాటుక పూసినట్టు నల్లగా ఉంది.

"కాంతమ్మా, నువ్వు చుట్ట కాలుస్తావా?"

"నేనా? లేదండి."

"కాల్చేది నేనండి," అన్నాడు లూకా.

"మరి ఇది ముప్పై ఏళ్లు చుట్ట కాల్చిన పన్ను. నీ నోట్లోకి ఎలా వచ్చింది?"

గోడ దగ్గర సామ్రాజ్యం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది ఆదాముదండి," అంది మెల్లిగా. అందరూ తనవైపు తిరిగేసరికి చెల్లెలితో చెప్పుకుంది. "నీ పళ్లెంలో నాలుగే ఉన్నయ్యే. బెంచీ కింద పాకి మరీ ఎతికా. చెబితే ఒకటి తగ్గిందని చచ్చేదాకా దిగులుపడతావని, పక్క బెంచీ మీద మా రిక్షా ఆదాము పళ్లెంలోంచి ఒకటి తీసి కలిపా. ఆయనెటూ పారేసేవే గదా."

కాంతమ్మ ఆ నల్ల పన్నును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"అంటే," అంది కాంతమ్మ, "కడబూర రోజున నన్ను రిక్షా ఆదాము పన్నేసుకుని లెమ్మంటావా?"

లూకా ముందు నవ్వాడు. డాక్టరమ్మ కూడా ఆపుకోలేకపోయింది. కాంతమ్మ నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడింది. దగ్గుతూనే అక్క చేయి పట్టుకుంది. పది రోజులుగా ఎదలో కూర్చున్న భయం ఆ దగ్గుతో సగం వదిలిపోయినట్టుంది.

సామ్రాజ్యం ఏడవబోయింది. డాక్టరమ్మ ఆపింది. "దాచడం తప్పే. నెల ముందే చెప్పుంటే ఈ తిప్పలుండేవి కావు. కాని పీకిన పళ్లు లెక్కపెట్టాల్సింది నువ్వు కాదమ్మా, పీకినవాళ్లు. పేదవాళ్లకు ఊరికే చేస్తున్నాం గదా అని లెక్కలు కూడా ఊరికే వదిలేస్తే ఎలా?"

ఉత్తరం రాసి గుంటూరు పెద్దాసుపత్రికి పంపింది. రెండు రోజుల తర్వాత అక్కడ మళ్లీ గొంతు మొద్దుబరిచే మందు కొట్టారు. ఆ మొద్దుబారడం తెలియగానే కాంతమ్మ భయంతో బల్ల అంచు పట్టుకుంది. నర్సు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. సన్నటి గొట్టం దిగింది, వెలుగు దిగింది, పట్టకారులాంటిదేదో దిగింది. పది నిమిషాలు కాకముందే చీమూ నెత్తురూ అంటిన పన్ను ఒకటి గిన్నెలో టక్కుమని పడింది. కాసేపటికి గొంతు తేరుకున్నాక కాంతమ్మ ఊపిరి తీసింది. కుడివైపు అడుగు దాకా, చల్లగా, అడ్డం లేకుండా వెళ్లింది. ఊపిరి తీయడం ఇంత సుఖమని ఆమె అన్నేళ్లలో ఎన్నడూ గమనించలేదు. మళ్లీ తీసింది. ఊరికే, తీసి చూడటం కోసమే.

జ్వరం మూడు రోజుల్లో దిగింది. పదిహేనో రోజున, డాక్టర్ల కాయితం కొంగులో ముడేసుకుని బడికి వెళ్లింది. పై వీధివాళ్లు పంపిన మనిషి నాలుగు రోజులు పొయ్యి పొగ భరించి ఐదో రోజు నుంచి రావడం మానేసిందట. మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లిన పిల్లల్లో చాలామంది తిరిగి రావడం లేదట. పున్నారావు కాయితం రెండుసార్లు చదివి, ఆమె కంటే గట్టిగా నిట్టూర్చాడు. "బతికించావమ్మా. వెళ్లి పొయ్యి ముట్టించు," అన్నాడు.

కాంతమ్మ కదల్లేదు.

"నాకు క్షయ లేదు గనక సరిపోయింది సార్. ఉంటే? మందు ఏసుకుంటే తగ్గే జబ్బే గదా అది. తగ్గించుకుని వచ్చేసరికి నా పని నాకు ఉండేదా?"

పున్నారావు కాయితాన్ని మళ్లీ మడతపెట్టసాగాడు.

"బడి కమిటీ తీర్మానాల పుస్తకం ఉంది గదండి. వండే మనిషికి జబ్బు చేస్తే తగ్గేదాకా బదులు మనిషిని పెట్టాలి, తగ్గాక పని ఆమెకే ఇవ్వాలి అని రాయండి. నాకే కాదు, నా తర్వాత వచ్చేదానిక్కూడా."

రాయడానికి ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కమిటీని పిలవాలన్నాడు. పిలవండి, నేనిక్కడే కూర్చుంటానంది. గంటలో నలుగురు వచ్చారు. పై వీధి నుంచి వచ్చినాయన గొణిగాడు గాని, ఆకలితో గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లల్లో తన మనవడు కూడా ఉండటం చూసి సంతకం పెట్టాడు. కాంతమ్మ ఆ రాతను పున్నారావు చేత రెండుసార్లు పైకి చదివించుకుంది. తర్వాత కూడబలుక్కుంటూ తన పేరు రాసి, కొంగు దోపుకుని, బియ్యం కొలవడానికి వెళ్లింది.