బరువెక్కితేనే మూలిగే బండి

మేస్త్రి చదువు ఊరి బడిలో ఐదో తరగతితో ఆగింది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు సరికదా, షెడ్డుకు వచ్చినవాళ్లకు ముందుగా అదే చెప్పేవాడు. ఆ వెనకే మిగతావి వరుస కట్టేవి. వాగు పొంగిన ఏడాది నడినీళ్లలో ఆగిపోయిన బస్సును ఒడ్డెక్కించింది ఆయనే. పేరున్న మెకానిక్కులు చేతులెత్తేసిన మిల్లు ఇంజన్‌ను ఒక్క పూటలో మాట్లాడించిందీ ఆయనే. కాబోయే మామగారి లారీ వీధి మలుపు తిరుగుతుండగానే, "వెనక ఎడమ చక్రం బేరింగు పోతోందండీ, చూసుకోండి" అన్నాడట. ఆ మాటకే పిల్లనిచ్చారని ఆయన నమ్మకం. కాదు, అంతలేసి చెవులు చూసి జాలిపడి ఇచ్చారని ఆయన భార్య వాదన.

గొప్పలే, కాని ఒక్కటీ అబద్ధం కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, చెక్కపిడి చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడంటే, రోగం తేలాకే మళ్లీ తెరిచేవాడు.

షెడ్డు గోడమీద ఎర్రరంగుతో ఆయన చేతిరాత ఒకటి ఉండేది: "సామాను దించిన బండినే ముట్టుకుంటాను." బరువుతో వచ్చిన బండి కడుపునిండా తిని నాడి చూపించుకునే మనిషిలాంటిదని, ఏ మూలుగు ఎక్కడిదో తెలియదని ఆయన సిద్ధాంతం. ఆ షరతు నుంచి డాక్టరుగారికి మినహాయింపు లేదు, సొంత కూతురికీ లేదు.

కూతురు తేనెటీగలు పెంచుతుంది. ఆమె నడిపే కారు మేస్త్రి వయసులో ఉండగా కొన్నది. నాలుగు చక్రాలూ కలిసి లాగే రకం. ఏటా కొండమీద పూలు విచ్చుకునే వేళకు తేనెపెట్టెలన్నీ ఆ కారులోనే పైకి చేరాలి. ఆ కంకరదారి ఇంకే బండికీ లొంగదు. ఈ ఏడు పూలు ముందే వచ్చాయి, అప్పుడే రాలడం కూడా మొదలైంది. కింద పొలాల్లో ఈగలకు మేత అయిపోయింది. ఈ వారం దాటితే పెట్టెల్లో మిగిలేది ఖాళీ మైనమే.

సరిగ్గా అప్పుడే కారు కింద ఏదో గుర్రుమనడం మొదలుపెట్టింది. కూతురు పెట్టెలు వేసుకుని కొండ మొదటి మలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఇంటిదగ్గర పెట్టెలు దించి, ఉత్త కారును షెడ్డుకు తెచ్చింది.

మేస్త్రి దానిలో ఊరు చుట్టి వచ్చాడు. చప్పుడు లేదు. చక్రాలు గాలిలో వేలాడేలా కారును పైకెత్తి, గేరులో తిప్పి విన్నాడు. లేదు. అయినా ఊరుకోకుండా వెనక చక్రం బేరింగు మార్చాడు, వెనక ఇరుసు హౌసింగులో నూనె మార్చాడు, టైర్లు అటూ ఇటూ వేశాడు.

"చక్కగా ఉంది తల్లీ. నువ్వు విన్నది నీ ఈగల రొద."

"ఈగల రొద నాకు తెలియదా నాన్నా? ఇది కింద నుంచి, కాళ్లలోకి వస్తోంది."

మర్నాడు పెట్టెలతో బయలుదేరింది. అదే మలుపు, అదే గుర్రు. మళ్లీ వెనక్కి.

ఈ కబురు మేస్త్రి బావమరిది చెవిన పడింది. ఆయనకు పాత కార్లు విడగొట్టే యార్డు ఉంది. అక్క చేతి కాఫీ తాగే వంకతో వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"బావా, ఇక దీన్ని నాకు అప్పగించు. దానికీ కాలం చెల్లింది, నీ చెవులకూ కాలం చెల్లింది."

"నా చెవుల సంగతి నీకెందుకురా? చిన్నప్పుడు నువ్వు దొంగతనంగా అటుకులు నమిలితే పెరట్లోంచి విన్నవాణ్ని."

"ఆ చెవులు వేరు. ఇప్పుడు అక్క పక్కనే నిలబడి పిలిస్తే పలకవట."

"అది వినపడకా? వినపడే పలకను!" అన్నాడు మేస్త్రి. లోపల భార్య గిన్నె కాస్త గట్టిగానే పెట్టిన చప్పుడు అందరికీ వినపడింది.

నవ్వారు గాని, ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగింది. బావమరిది వెళ్లాక స్క్రూడ్రైవరు తీసుకుని, బాగున్న ఇంజన్లనే ఒక్కొక్కటిగా విని చూసుకున్నాడు. అన్నీ వినపడ్డాయి. మరి కూతురు వినే చప్పుడు తనకెందుకు చిక్కదు? తాడో పేడో తేలేదాకా ఈ కారును వదలకూడదనుకున్నాడు.

పొద్దున్నే కూతురు షెడ్డు ముందు కారాపింది. నిండా తేనెపెట్టెలు, మూతలకు వలలు బిగించి ఉన్నాయి. మేస్త్రి గోడవైపు వేలు చూపించాడు.

"ముందు దించు."

"దించను నాన్నా. దించితే వాటితోపాటు చప్పుడు కూడా దిగిపోతోంది."

మేస్త్రి గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. కారు వెనకభాగం వంక చూశాడు. బరువుకు తోక వాలి ఉంది. ఇన్నాళ్లూ తను చూసిన కారు తోకెత్తి నిలబడ్డది. గాలిలోకి ఎత్తినప్పుడైతే చక్రాలు మరీ కిందికి వేలాడాయి. కూతురు నడిపే కారును ఆయన అసలు చూడనేలేదు.

ఇంకో మాట లేకుండా స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక తలుపు తీసి, పెట్టెల సందులో దూరి బోర్లా పడుకున్నాడు.

"నాన్నా! అక్కడ కాదు, కుడతాయి!"

"వలలున్నాయిగా. పోనీ!"

వల బయట మిగిలిపోయిన ఈగ ఒకటి ఉండనే ఉంది. వీధి చివరికి చేరకముందే అది ఆయన కుడిచెవి పట్టుకుంది. చెవి పొంగి పూరీ అయింది. కూతురు బ్రేకు వేయబోయింది.

"ఆపావంటే ఊరుకోను! చెవి పోతే దవడ లేదా?" అని పిడి పళ్లమధ్య బిగించి, మొన కారు నేలకు ఆనించాడు.

చదును దారిలో ఏమీ లేదు. ఎక్కుడు మొదలై కూతురు గట్టిగా తొక్కగానే గుర్రుమన్నది ఆయన పళ్లలోకి వచ్చింది. కాలు తీస్తే పోయింది. తొక్కితే వచ్చింది. మొన వెనక ఇరుసుకు పైన నేలకు ఆనిస్తే సన్నగా, ముందుకు జరిపితే బలంగా. కారు నడుమ దగ్గర పళ్లు టకటకలాడాయి.

"ఆపమ్మా! నొప్పి కాళ్లది కాదు, నడుముది!"

చక్రాల వెనక రాళ్లు పెట్టి, పెట్టెలు అలాగే ఉంచి కిందికి దూరాడు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్లే పొడుగు షాఫ్టును నడిమధ్య ఒక బేరింగు పట్టుకుని ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు కట్టు. ఆ రబ్బరు పైభాగాన చిరిగిపోయింది. ఖాళీ కారులో షాఫ్టు తిన్నగా ఉండి చిరుగు మూసుకుంటుంది. బరువుకు తోక వాలితే షాఫ్టు వంపు తిరిగి బేరింగును ఎగదోస్తుంది. పైరేకుమీద కొత్తగా మెరుస్తున్న రాపిడి గీత కనపడింది. మేస్త్రి ఆ గీతను వేలితో తడిమి, "దొరికావురా," అన్నాడు.

అలాంటి సామాను ఇప్పుడు ఎవరూ తయారు చేయరు. యార్డులో మాత్రం అదే రకం కారు ఒకటి పడి ఉంది. చెవి వాపుతోనే మేస్త్రి అక్కడికి వెళ్లాడు.

"కారు ఇవ్వడానికొచ్చావా బావా?"

"నీ కారు నడుం విరగ్గొట్టడానికొచ్చా. స్పానర్ తే."

"ఆ చెవేమిటి, అంత పెరిగింది?"

"పాతది చాలట్లేదన్నావుగా!"

బావమరిది నవ్వుతూనే కారు కింద దూరి బోల్టులు తనే విప్పాడు.

సాయంత్రానికి మేస్త్రి దాన్ని బిగించాడు. మర్నాడు పొద్దున్నే పెట్టెలు నిండా వేసుకుని, మొదటి మలుపు దాటి, కంకర మీదుగా కొండెక్కారు. మేస్త్రి ముందుసీట్లో పిడి పళ్లమధ్య పెట్టుకునే కూర్చున్నాడు. పైన పూలు సగానికి సగం ఇంకా చెట్లమీదే ఉన్నాయి. కూతురు ఇంజను ఆపింది.

"ఏదో గుయ్యిమంటోందే!" అన్నాడాయన, గాభరాగా.

"నా ఈగలు నాన్నా," అని ఆమె వెళ్లి వలలు విప్పింది.

దిగి వచ్చాక మేస్త్రి గోడమీద రాతను గీకిపారేశాడు. ఇప్పుడు షెడ్డుకు ఎవరొచ్చినా ఐదో తరగతి సంగతి, బస్సు సంగతి, తేనెపెట్టెల సంగతి అన్నీ వినాల్సిందే. అయితే వాటికన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది.

"నీ బండి రోజూ ఏం మోస్తుందయ్యా? వెళ్లి, అదంతా ఎక్కించుకునిరా."