వీరుడి వీపు

రాతి విగ్రహానికి ఎదురుగా నిలబడి ఫొటో తీయమంటే నాకు ఒళ్లు మండుతుంది. ముందునుంచి అందరూ తీస్తారు, ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడూ తీస్తాడు. నేను నేలమీద బోర్లా పడుకుంటాను. రాతిగుర్రం పొట్ట కిందికి దూరుతాను. రాక్షసుణ్ణి తొక్కుతున్న పాదం పక్కనే చెంప ఆనించి, ఆ తొక్కుడు తినేవాడికి పాదం ఎంత పెద్దగా కనబడుతుందో అక్కడినుంచి తీస్తాను. ధర్మపురిలో నా స్టూడియోకి పెళ్లి ఆల్బం కోసం వచ్చినవాళ్లు గోడమీద ఆ ఫొటోలు చూసి, "ఏమక్కా ఇది, బయంగా ఉండాదే" అంటారు. భయంగానే ఉండాలి. కత్తి పట్టుకున్నవాడి బొమ్మ అది, తాంబూలం పట్టుకున్నవాడిది కాదు.

ఈ పిచ్చి నాకు చదువు వల్ల అంటుకోలేదు, మా కులదైవం వల్ల అంటుకుంది. నల్లంపల్లి దాటాక మా వంశంవాళ్ల చేను గట్టున ఒక వీరగల్లు ఉండేది. మనిషి మీద మనిషి నిలబడితే ఎంతో అంత ఎత్తు బండ. ఎప్పుడో పశువుల మందను దొంగలనుంచి విడిపించబోయి చచ్చినవాడి బొమ్మ. తరాల కిందట ఈ అరవనేలకు వచ్చి పాతుకుపోయిన మావాళ్లు ఆయన్ను తాతను చేసుకున్నారు. ఛాతీలో బాణాలు, కుడిచేతిలో కత్తి, కాళ్లకింద తెగిన తల. ఇదంతా నేను విన్నదే గాని చూసింది కాదు. మా ఆడవాళ్లు ఆయన ముఖం చూడకూడదు. మా మగవాళ్లు ఆయన వీపు చూడకూడదు.

వీరుడు మగవాడికి వీపు చూపించడట. చూసిన మగవాడు పిరికివాడైపోతాడట. ముఖం చూసిన ఆడదాని కడుపు నిలవదట. ఎవడు పెట్టాడో ఈ కట్టుబాటు! ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, పొట్టేళ్లు కోసేటప్పుడు మగవాళ్లు ముందువైపు, మేము వెనకవైపు పసుపు గిన్నెలతో. అటునుంచి కత్తి దిగిన చప్పుడు, కాళ్లు నేలను తన్నుకుంటున్న చప్పుడు, కేకలు. కాసేపటికి నెత్తురు రాతి పక్కనుంచి పారుకుంటూ మా పాదాల దగ్గరికి వచ్చేది. వేళ్ల సందుల్లోకి వెచ్చగా దూరేది. కాలు వెనక్కి తీసుకుంటే అమ్మ తొడమీద గిల్లేది. చిన్నప్పుడు నాకు దేవుడంటే ఆ వేడి, ఆ గరుకు రాయి, అంతే.

ఆ వీపున భుజం నుంచి నడుముదాకా ఏటవాలుగా ఒక గీత ఉండేది. ఎవడో దొంగచాటుగా వెనకనుంచి కొట్టిన దెబ్బ అది, మగవాళ్లకు చెప్పకూడదని మా ఆడవాళ్ల మాట. దెబ్బ అంటే పసుపు పెట్టాలి కదా. ఏటేటా పసుపు నూరి, నూనెలో కలిపి, ఆ గీత నిండా అద్దేవాళ్లం. నా చిన్నప్పుడు పెట్టింది పెట్టినట్టే ఉండేది. రాను రాను ఎంత పెట్టినా లోపలికి పోవడం మొదలైంది. మా పిన్ని చేతులెత్తి మొక్కి, "సామి తాగుతా ఉండాడే!" అని ఏడ్చేసింది. ఆ మరుసటేడు ఇంకో గిన్నె ఎక్కువ నూరాం.

కెమెరా చేతికొచ్చినప్పటినుంచి ఏటా ఆ వీపు తీస్తూ వచ్చాను. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేవేళ, బండ మొదట్లో వెల్లకిలా పడుకుని, పైకి. అలా తీస్తే ఆ వీపు వీపులా ఉండదు, మీదికి వచ్చి పడబోయే కొండలా ఉంటుంది. నాకు ఇష్టమైన ఫొటోలు అవే. వాటిని వరసగా పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

పోయినేడు పెట్టి చూశాను. అందుకు కారణం మా తమ్ముడు.

నాకు వాడొక్కడే తమ్ముడు. అమ్మ పోయాక నా చంకన పెరిగాడు. మేస్త్రీ. చుట్టుపక్కల ఎవరింటి గోడకు బీట పడినా వాణ్ణే పిలుస్తారు, వేలితో తడిమి లోతెంతో చెప్పేస్తాడు. మొండివాడు, నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. ఆ కోపం ఎవరిదని అడగొద్దు, మా ఇద్దరిదీ ఒకే కుండ కూడు. ఒకరోజు స్టూడియోకి వచ్చి కూర్చుని ఛాతీ విరుచుకుంటూ చెప్పాడు: "అక్కా, ఈసారి సామికి చెమట పట్టిందే! రొమ్ము మీద పచ్చగా కారింది. మా కండ్లతో చూసినాము." ఆ సంతోషంలోనే ఇంకో సంగతీ చెప్పాడు. పక్క ఊరివాళ్లు రోడ్డుపక్క సిమెంటుతో ఆకాశమంత మునియప్పన్ సామిని నిలబెట్టారు కదా, మన సామి వాడి మోకాలి దగ్గరికైనా రాడని నవ్వుతున్నారట. అందుకని ఎత్తుగా పీఠం కట్టి, క్రేను పెట్టి, మన సామిని దాని మీద నిలబెడతారట.

"పీఠం మీదికి దించేటప్పుడు పెద్దింటి చెయ్యి పాదాల మీద ఉండాల. అంటే నాది" అన్నాడు. వాడి ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

నాకు మాత్రం ఆ పచ్చ చెమట దగ్గరే ఆలోచన ఆగిపోయింది. వాడు వెళ్లాక ఏళ్ల ఫొటోలన్నీ తీసి పక్కపక్కన పెట్టాను. గీత లోపల నల్లగా ఒక బీట, మొదట భుజం దగ్గరే ఉంది. తర్వాత వీపు మధ్యకు దిగింది. తర్వాత నడుము. చివరి ఫొటోలో అవతలి పక్కకు తేలింది. మేము వెనక పెట్టిన పసుపు ముందుకు కారుతోంది, ఓరి దేవుడా! దేవుడు తాగడమూ లేదు, చెమటోడ్చడమూ లేదు. బండ ఆసాంతం చీలిపోయి ఉంది. లేపితే పై సగం ముందుకు జారుతుంది. ఆ ముందే, పాదాల మీద చేతులు పెట్టుకుని, నా తమ్ముడు నిలబడి ఉంటాడు.

ఫొటోలు పట్టుకుని వాడింటికి పరిగెత్తాను. వాకిట్లో ఇసుక జల్లెడ పడుతున్నాడు. చూపించబోతే పాము మీద కాలు పడినట్టు ఎగిరి వెనక్కి తిరిగాడు.

"పిచ్చి పట్టిందా నీకు? సామి వీపు నాకు చూపిస్తావా?"

"సామి వీపు కాదురా, బీట! మేస్త్రీవి కదా, ఒక్కసారి చూడు. చూసి నువ్వే చెప్పు."

"చూడను. చూసిన మొగోడు మొగోడు కాదు."

"చచ్చిన మొగోడు మొగోడేనా? నీమీద పడుతుందిరా అది!"

"నోరు ముయ్యి. శుభమా అని పని పెట్టుకుంటే ఏం మాటలవి?"

వాడి గడ్డం పట్టుకుని ముఖం ఇటు తిప్పాను. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నలభై దాటిన మనిషి, మందు తాగనని మారాం చేసే పిల్లాడిలా. నాకు ఒళ్లు తెలియలేదు. లాగి చెంపమీద ఒకటిచ్చాను. వాడు నా చేతిలోంచి ఫొటోలు గుంజుకుని, కళ్లు మూసుకునే పరపరా చించి ఇసుకలో తొక్కాడు. నన్ను రెండు చేతులతో తోశాడు. వెళ్లి గోడకు కొట్టుకున్నాను. మోచెయ్యి దోక్కుపోయింది. "ఆ పొద్దు నువ్వు రావద్దు" అన్నాడు. వస్తాను చూడరా అని తిట్టుకుంటూ వచ్చేశాను.

క్రేను నడిపే ఆయన కడత్తూరు మనిషి. ఆయనతోనూ చెప్పాను. "తాంగుం అక్కా" అన్నాడు. బెల్టు బరువు మోస్తుందిలే అని. వెనక్కి వెళ్లి ఒకసారి చూడవయ్యా అంటే వెళ్లబోయాడు కూడా. మావాళ్లు పోనిచ్చారా? పైనుంచి కిందిదాకా వీపుకు పాత చీరలు చుట్టేశారు, పరాయి మగవాడి కంట కూడా పడకూడదని. చుట్టింది మా పిన్నీ వాళ్లే. వాళ్లకు చెబితే, "తాగే సామిని బీట అంటావా, నాలిక తెగిపోను" అని పిన్ని చీపురెత్తింది. బ్రహ్మాండం! మగవాళ్ల కళ్లు వాళ్లే మూసుకున్నారు, ఆడవాళ్లు రాతికి కూడా మూసేశారు.

ఆ రోజు పొద్దున్నే పొట్టేలు తల తెగింది. మేళం మొదలైంది. క్రేను గర్జించింది, బెల్టు బిగిసింది, బండ నేలనుంచి లేచింది. నేను వెనక ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను, మెడలో కెమెరా. పొయ్యిలో పచ్చికట్టె చిట్లినట్టు ఒక చప్పుడు వినబడింది. నాకే వినబడిందో ఏమో. ఎప్పుడూ పడుకునే చోటే నేలమీద పడుకున్నాను. చీరల కిందనుంచి చూశాను. గీత తెరుచుకుంది, వేలు దూరేంత. దాంట్లోంచి ఏళ్లనాటి ఎండు పసుపు పొడిపొడిగా రాలి నా కళ్లలో పడుతోంది. బండ అడుక్కీ నేలకూ మధ్య సందులోంచి అవతల రెండు పాదాలు కనబడ్డాయి. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. చిన్నప్పుడు నా చేతిలోంచి రోకలి జారి పడి పోయిన గోరు.

"తమ్ముడా, జరుగు!" అని గొంతు చించుకున్నాను. మేళంలో ఎవరికి వినబడుతుంది?

లేచి ముందుకు పరిగెత్తాను. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఎవరో కొంగు పట్టుకుని లాగితే కొంగు చిరిగింది. పుట్టినప్పటినుంచి చూడొద్దన్న ముఖం నా నెత్తిన ఉంది. ఆ రోజు కూడా నేను దాన్ని చూడలేదు. నాకు కనబడింది ఒక్కటే ముఖం. రాతి పాదాల మీద చేతులు పెట్టి కళ్లు మూసుకుని మొక్కుతున్న వాడి ముఖం. జుట్టు పట్టుకుని లాగాను. కదలడే! కళ్లు తెరిచి నన్ను చూశాడు, ఒక చెయ్యి రాతిమీదే ఉంచి రెండో చేత్తో నా నోటిమీద గుద్దాడు. పన్ను విరిగిన రుచి తెలిసింది. అప్పటికీ వాడి ఆ చెయ్యి రాతిమీదే ఉంది. మెడలోంచి కెమెరా తీసి, పట్టీ చేతికి చుట్టుకుని, నా బలమంతా పెట్టి వాడి నుదుటిమీద కొట్టాను.

నెత్తురు వాడి కంట్లోకి కారింది. అప్పుడు వదిలాడు రాయిని.

"చంపేస్తానే నిన్ను!" అని మీదపడ్డాడు. చంపరా, ఇటొచ్చి చంపు అని నేను వెనక్కి జరుగుతున్నాను. జడ పట్టుకుని నేలమీద ఈడ్చాడు, కట్టె ఈడ్చినట్టు, సామి ముందునుంచి నన్ను అవతల పారేయడానికి. దాయాదులు కూడా కాళ్లు చేతులు ఆడిస్తూ వచ్చిపడ్డారు. పక్కటెముకల మీద ఎవడి మడమో దిగింది. చేను గట్టుదాకా ఈడ్చి ఇంకో దెబ్బకు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అలా లేచి ఉండగానే వెనక భూమి అదిరింది.

మేళం ఆగిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే కొత్త పీఠం పిండి అయి ఉంది. వాడు నిలబడిన చోట వీరుడి పై సగం బోర్లా పడి ఉంది. చీరలు ఎగిరిపోయాయి. గరుకు వీపు, దానిమీద పసుపు, అంతా ఆకాశానికేసి. మావాళ్లలో ఒక్కడూ కళ్లు మూసుకోలేదు, అందరూ చూశారు.

ఒక్క క్షణం నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నోటినిండా నెత్తురుతో నవ్వానట. ఆ నవ్వే నా కొంప ముంచింది. "ఆడది ముందుకొచ్చింది, సామి పగిలినాడు" అని పిన్ని మొదలుపెట్టింది. చీపురు, చెప్పు, ఏది దొరికితే అది. తమ్ముడు తన అరచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. అడ్డం రాలేదు. వాళ్లు కొట్టి అలిసిపోయాక నావైపు వేలు చూపించి, "దీనివల్లే" అన్నాడు. దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఇంటికి వచ్చి ఏడ్చాను, అబద్ధమెందుకు.

నెలలు గడిచాయి. నేను ఆ గడప తొక్కలేదు, వాడు ఇటు రాలేదు. ఒక మధ్యాహ్నం స్టూడియో తలుపు తెరుచుకుంది. వాడే. లైసెన్సు మార్పించుకోవాలట, పాస్‌పోర్ట్ సైజు ఫొటో కావాలట. ఊరంతా స్టూడియోలే, ఎక్కడైనా తీయించుకోవచ్చు. స్టూలు చూపించాను. కూర్చున్నాడు. కాలరు సరిచేయడానికి వెనక్కి వెళ్లాను. జుట్టు నెరిసిన మెడ, ఎండకు కమిలిన వీపు. ఊపిరి తీస్తుంటే భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అవసరం లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను.

"నీవల్లే పగిలింది రాయి" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

"ఔనురా, నావల్లే. గడ్డం పైకెత్తు."

ఎత్తాడు. ముందుకు వచ్చి, ఎదురుగా నిలబడి తీశాను. కంప్యూటర్లో వాడి ముఖం తెరనిండా వచ్చింది. నుదుటిమీద అడ్డంగా మచ్చ, కుట్లు వేసిన గుర్తులతో సహా. ఇలాంటివి చెరిపేయడం మాకు చిటికెలో పని, పెళ్లికూతుళ్లకు రోజూ చేసేదే. మౌసు దానిమీద పెట్టి అడిగాను.

"మచ్చ తీసేసేదా?"

వాడు తెరకేసి చాలాసేపు చూశాడు. చేత్తో నుదురు తడుముకున్నాడు, గోడమీద బీటను తడిమినట్టు.

"వద్దు, ఉండనీ అక్కా" అన్నాడు.